క్రూజ్ సూట్ ఇప్పుడే బుక్ చేయాలా, ఆగాలా? పెరుగుతున్న ధరల్లో ఏ దారి ఎవరికి

క్రూజ్ సూట్ (విహార ఓడలోని పెద్ద, ఖరీదైన గది) రేటు చూడగానే చాలామంది అనుకునేది ఒకటే: కొన్నాళ్లు ఆగుదాం, ఓడ బయల్దేరే ముందు గదులు మిగిలితే వాళ్లే తగ్గిస్తారు. మామూలు గదుల విషయంలో ఈ ఆశ ఇప్పటికీ అప్పుడప్పుడు ఫలిస్తుంది. సూట్ల విషయంలో ఫలించడం అరుదు. అందుకే నా సలహా ముందే చెప్పేస్తాను. డిపాజిట్ వెనక్కి వచ్చే పద్ధతిలో తొందరగా బుక్ చేసుకుని, ఫైనల్ పేమెంట్ గడువు (మొత్తం డబ్బు కట్టేయాల్సిన ఆఖరి తేదీ) దాకా రేటు మీద ఓ కన్నేసి ఉంచడమే ఎక్కువమందికి సరైన దారి. మిగతా దారులు పనికిరావని కాదు. అవి ఎవరికి పనికొస్తాయి, ఎక్కడ బెడిసికొడతాయి అన్నదే అసలు విషయం.

రేట్లు ఎందుకు దిగిరావడం లేదు

2020 మార్చిలో కోవిడ్‌తో క్రూజ్ ఓడలు ఆగిపోయాయి. మళ్లీ తిరగడం మొదలుపెట్టిన 2021లో చాలా గదులు ఖాళీగానే ఉండేవి, ఆ ఖాళీలు నింపుకోవడానికి పెట్టిన రేట్లు చాలామంది మనసులో అలాగే నిలిచిపోయాయి. ఇప్పటి పరిస్థితి వేరు. క్రూజ్ కంపెనీల అంతర్జాతీయ సంఘం క్లియా లెక్కల ప్రకారం 2019లో క్రూజ్ ప్రయాణికులు 2.97 కోట్లు, 2024లో 3.46 కోట్లు. జనం పెరిగారు కదా అని కొత్త ఓడలు వెంటనే దిగవు. ఇంత పెద్ద ప్రయాణికుల ఓడలు కట్టే షిప్‌యార్డులు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి, అవి కూడా ఎక్కువగా ఇటలీ, ఫ్రాన్స్, జర్మనీ, ఫిన్లాండ్‌లలోనే. వాటి చేతిలో కొన్నేళ్లకు సరిపడా ఆర్డర్లు ముందే ఉంటాయి.

సూట్లకి ఇంకో కారణం కూడా ఉంది. ఒకప్పుడు సూట్ అంటే పెద్ద గది, పెద్ద బాల్కనీ, అంతే. 2008లో వచ్చిన ఎంఎస్‌సీ ఫాంటేసియా ఓడలో యాట్ క్లబ్ పేరుతో సూట్ వాళ్లకి విడిగా ఒక ప్రాంతం కేటాయించారు. మిగతా క్రూజ్ కంపెనీల్లో నార్వేజియన్ వాళ్ల హేవెన్, సెలెబ్రిటీ వాళ్ల రిట్రీట్, రాయల్ కరీబియన్ వాళ్ల స్టార్ క్లాస్, ప్రిన్సెస్ వాళ్ల శాంక్చురీ కలెక్షన్ అన్నీ ఆ కోవలోవే. వేలమంది తిరిగే ఓడలో కొద్దిమందికే విడి రెస్టారెంటో, విడి డెక్కో, లాంజో ఉంటుంది, క్యూలో నిలబడే అవసరం తక్కువ. ఓడలు పెద్దవయ్యేకొద్దీ, రద్దీ పెరిగేకొద్దీ ఈ వేరుపాటుకి గిరాకీ పెరుగుతోంది. కంపెనీలు అమ్ముతున్నది ఇప్పుడు చదరపు అడుగులు కాదు, జనానికి దూరంగా ఉండే సౌకర్యం. అందుకే బాల్కనీ గది రేటు కొద్దిగా పెరిగిన చోట కూడా సూట్ రేటు బాగా ఎగబాకుతుంది.

చివరి నిమిషపు తగ్గింపులని దాదాపు మాయం చేసినది మాత్రం బిడ్ పద్ధతి. మిగిలిపోయిన సూట్లని ఒకప్పుడు పాత కస్టమర్లకి ఉచితంగా ఇచ్చేవారు, లేదా చవకగా అమ్మేసేవారు. ఇప్పుడు ఆల్రెడీ బాల్కనీ గది బుక్ చేసుకున్నవాళ్లకి ఈమెయిల్ వెళ్తుంది: "ఇంకొంత కట్టడానికి సిద్ధమైతే సూట్‌కి బిడ్ వేయండి" అని. బయటికి కనిపించే రేటు తగ్గించకుండానే సూట్ నిండుతుంది, ఖాళీ అయిన బాల్కనీ గదిని మళ్లీ అమ్ముకోవచ్చు. ఇంత చక్కని ఏర్పాటు ఉండగా కంపెనీ రేటు ఎందుకు తగ్గిస్తుంది? కాసినోలో ఎక్కువ ఆడేవాళ్లకి ఇచ్చే గదులు కూడా ఈ మిగులులోంచే పోతాయి.

పాత రేట్లతో పోల్చేవాళ్లకి ఒక హెచ్చరిక. కాలిఫోర్నియా చట్టం వల్ల 2024 జూలై నుంచి పెద్ద కంపెనీలు అమెరికాలో పన్నులు, పోర్టు ఖర్చులు కలిపిన రేటే చూపిస్తున్నాయి. అంతకుముందు చూపించినది అవి కలపని రేటు. పాత స్క్రీన్‌షాట్ పక్కన ఇవాళ్టి రేటు పెట్టి చూస్తే పెరిగినదానికంటే ఎక్కువే పెరిగినట్టు కనిపిస్తుంది.

ముందు ఏ సూట్ కావాలో తేల్చుకోండి

ఎప్పుడు బుక్ చేయాలన్న ప్రశ్న దీని తర్వాతే వస్తుంది, ఎందుకంటే అన్ని సూట్లూ ఒకేలా అమ్ముడుపోవు. సాధారణంగా ఓడలో ముందు అయిపోయేవి రెండు కొసలు: అతి పెద్ద సూట్లు, అతి చవక గదులు. మధ్యలోవి నెమ్మదిగా కదులుతాయి. ఓడ మొత్తం మీద ఒకటో రెండో ఉండే సూట్ మీద మనసు పడితే ఆగే ప్రశ్నే లేదు. అదే రకం సూట్లు యాభై ఉంటే కాస్త బేరం చూసుకునే వీలుంటుంది. ఓడ డెక్ ప్లాన్ (ఏ అంతస్తులో ఏ గది ఉందో చూపే పటం) తెరిచి, మీకు కావలసిన రకం ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. పది నిమిషాల పని, కానీ ఏ నిపుణుడి జోస్యం కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

గది పేరులో సూట్ అని ఉన్నంత మాత్రాన సౌకర్యాలన్నీ వస్తాయనుకోవద్దు. రాయల్ కరీబియన్ జూనియర్ సూట్ పెద్ద గదే, కానీ సూట్ లాంజ్‌లోకి అనుమతి ఉండదు. ఆ పై మెట్టు స్కై క్లాస్‌లో లాంజ్ వస్తుంది. డ్రింక్స్, ప్రత్యేక రెస్టారెంట్లు, టిప్పులు, పనులన్నీ చూసిపెట్టే రాయల్ జీనీ కావాలంటే స్టార్ క్లాస్ దాకా వెళ్లాలి. నార్వేజియన్ వాళ్ల క్లబ్ బాల్కనీ సూట్‌కి హేవెన్‌తో సంబంధం లేదు. ప్రిన్సెస్ మినీ సూట్ కూడా అలాంటిదే. జూనియర్ సూట్‌కి అదనంగా కట్టే డబ్బుకి సాధారణంగా దక్కేది కొంచెం చోటు మాత్రమే. ఆ చోటు మీకు నిజంగా అవసరమైతే సరే, లేకపోతే మంచి చోట ఉన్న బాల్కనీ గదే మేలు.

తేడా ఎంతో నిజంగా లెక్క వేయండి

సూట్ రేటు పక్కన బాల్కనీ రేటు పెట్టి చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. ఆ పోలికలో ఒక లోపం ఉంది. సూట్‌లో కలిసి వచ్చేవాటిని బాల్కనీ వాళ్లు విడిగా కొంటారు.

ఇద్దరికి ఏడు రాత్రుల ప్రయాణం, బాల్కనీ 4,000 డాలర్లు, అన్నీ కలిపిన సూట్ 9,000 డాలర్లు అనుకుందాం. తేడా 5,000. బాల్కనీలో ఉంటే డ్రింక్స్ ప్యాకేజీ మనిషికి రోజుకి 90 చొప్పున 1,260, వైఫై మనిషికి రోజుకి 20 చొప్పున 280, టిప్పులు మనిషికి రోజుకి 18.50 చొప్పున 259, మూడు రాత్రులు ప్రత్యేక రెస్టారెంటులో మనిషికి 60 చొప్పున 360 అవుతాయి. మొత్తం 2,159. అసలు తేడా 2,841 డాలర్లకి దిగింది, అంటే గదికి రాత్రికి సుమారు 406. ఇద్దరూ మందు తాగరనుకోండి, డ్రింక్స్ ప్యాకేజీ తీసేస్తే తేడా మళ్లీ 4,101కి, రాత్రికి 586కి ఎక్కుతుంది. ఇవి నేను ఉదాహరణకి తీసుకున్న అంకెలు, వీటి స్థానంలో మీ ప్రయాణం అంకెలు వేసుకోండి. ఒకే సూట్ ఒక జంటకి గిట్టుబాటు అయి ఇంకో జంటకి దండగ కావడానికి కారణం చాలాసార్లు ఈ డ్రింక్స్ వరసే.

అన్ని సూట్లలోనూ అన్నీ కలిసి రావు. యాట్ క్లబ్‌లో డ్రింక్స్ రేటులోనే ఉంటాయి. హేవెన్‌లో అవి సూట్‌తో కాకుండా కంపెనీ ఇచ్చే ఆఫర్‌తో వస్తాయి. టిప్పులు కలపని చోట సూట్ వాళ్లకి రేటు ఎక్కువ. రాయల్ కరీబియన్ 2024 నవంబరులో టిప్పులు పెంచినప్పుడు మామూలు గదులకి మనిషికి రోజుకి 18.50 డాలర్లు, సూట్లకి 21 డాలర్లు చేసింది.

తొందరగా బుక్ చేసి కనిపెట్టుకుని ఉండటం

నేను మొగ్గు చూపే దారి ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

కంపెనీలు కొత్త షెడ్యూళ్లని ఏడాదిన్నర, రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ముందే తెరుస్తాయి. ప్రసిద్ధమైన సూట్లకి తక్కువ రేటు తరచుగా ఆ తొలి రోజుల్లోనే ఉంటుంది. డిస్నీ వంటి కంపెనీల్లో ఇది మరీ స్పష్టం, తెరిచిన రోజు నుంచి రేటు పైకి వెళ్లడమే ఎక్కువ. అలాగని తొలిరోజు రేటే కచ్చితంగా అన్నింటికంటే తక్కువ అని కాదు. మధ్యలో తగ్గే సందర్భాలూ ఉంటాయి. తొందరగా బుక్ చేసినవాడికి రెండు వైపులా లాభమే: పెరిగితే తన రేటు తనకి ఉంటుంది, తగ్గితే ఫైనల్ పేమెంట్‌కి ముందు కొత్త రేటు అడగవచ్చు. అయితే ఇలా రేటు మార్చే వీలు, మీరు ఏ దేశంలో బుక్ చేశారన్నదాన్ని బట్టి మారుతుంది. అమెరికా నియమాల కింద చేసిన బుకింగ్‌లకి ఇది మామూలు విషయం, కొన్ని దేశాల్లో ఆ సౌకర్యం లేదు. డిపాజిట్ కట్టక ముందే అడిగి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇది.

రెండో సంగతి డిపాజిట్. వెనక్కి రాని డిపాజిట్ పద్ధతిలో రేటు కాస్త తక్కువ చూపిస్తారు. ఆ తేడా ఎంతో చూసి, మీరు మనసు మార్చుకునే అవకాశం ఎంతో నిజాయితీగా ఆలోచించండి. సెలవులు ఖాయమై, ఓడ ఖాయమై, వెళ్లడం ఖాయమైతే తక్కువ రేటు తీసుకోండి. ఆ పద్ధతిలో కూడా అదే ప్రయాణానికి రేటు తగ్గితే చాలాచోట్ల మార్పించుకోవచ్చు. ఓడో తేదీయో మార్చాలంటేనే సమస్య. ఉదాహరణకి రాయల్ కరీబియన్ దానికి మనిషికి 100 డాలర్లు తీసుకుంటుంది. రెండేళ్ల తర్వాతి ప్రయాణానికి, అదీ ఇద్దరు ముగ్గురు బంధువుల సెలవులతో ముడిపడినదానికి, వెనక్కి రాని డిపాజిట్ కట్టమని నేను ఎవరికీ చెప్పను. కొన్ని కంపెనీలు పెద్ద సూట్లకి వెనక్కి వచ్చే డిపాజిట్ అసలు ఇవ్వవు. అక్కడ ఈ దారికున్న బలం సగం పోయినట్టే, వెళ్తామన్న నమ్మకం ఉంటేనే కట్టండి.

రేటు తగ్గిందని తెలియగానే ఎగిరి గంతేసి మార్పించకండి. బుక్ చేసినప్పుడు వచ్చిన ఆఫర్లు పాత రేటుతో ముడిపడి ఉంటాయి. 9,000కి బుక్ చేసినప్పుడు ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి 400 డాలర్ల క్రెడిట్ ఇచ్చారనుకోండి. ఇప్పుడు రేటు 8,700 అయింది కానీ ఆ క్రెడిట్ లేదు. మార్పించుకుంటే 300 తగ్గినట్టు కనిపించి 100 పోతుంది. కొసరుకి ఆశపడితే అసలుకే మోసం వచ్చే చోటు ఇదే.

రేటు ఎవరు గమనించాలన్నది కూడా ముందే మాట్లాడుకోవాలి. ఏజెంటు ద్వారా బుక్ చేస్తే మార్పులు వాళ్ల ద్వారానే జరగాలి, కంపెనీకి ఫోన్ చేస్తే మీ ఏజెంటునే అడగమంటారు. ఉదయం తగ్గిన రేటు సాయంత్రానికి ఉండకపోవచ్చు కాబట్టి ఫోన్ ఎత్తని ఏజెంటుతో ఈ పద్ధతి సాగదు. మరోపక్క మంచి ఏజెంటుకి ఒక బలం ఉంది. పెద్ద ఏజెన్సీలు కొన్ని గదుల్ని గ్రూప్ పేరుతో ముందే పట్టి ఉంచుతాయి. ఆ రేటు గ్రూప్ ఏర్పడిన నాటిది. కంపెనీ సైట్‌లో రేటు పెరిగిపోయాక కూడా పాత రేటుకి సూట్ దొరికే కొద్ది చోట్లలో ఇదొకటి. "ఈ తేదీకి మీ దగ్గర గ్రూప్ రేటు ఉందా" అని అడగడానికి ఖర్చేమీ లేదు.

ఓడలో ఉండగానే తర్వాతి ప్రయాణం బుక్ చేయడం కూడా ఈ దారిలో భాగమే. డిపాజిట్ తగ్గించడమో, క్రెడిట్ ఇవ్వడమో చేస్తారు. కొన్ని కంపెనీల్లో తేదీ చెప్పకుండా డిపాజిట్ మాత్రం కట్టి, తర్వాత వాడుకోవచ్చు. వెనక్కి వచ్చేదైతే తీసుకోవచ్చు. సెలవు మత్తులో వెనక్కి రానిది మాత్రం కట్టకండి.

జనవరి ఆఫర్ల సంగతి

జనవరి నుంచి మార్చి దాకా క్రూజ్ కంపెనీలు పెద్ద ఎత్తున ఆఫర్లు పెడతాయి, వాళ్ల భాషలో వేవ్ సీజన్. "రెండో మనిషికి సగం రేటు" లాంటి ప్రకటనలు పట్టించుకోకండి, అసలు మొత్తం ఎంతో చూడండి. ముందు రేటు పెంచి తర్వాత తగ్గింపు చూపించడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు. సూట్లకి ఈ నెలల్లో రేటు తగ్గింపు కంటే క్రెడిట్, ఉచిత టిప్పుల వంటి అదనాలే ఎక్కువగా వస్తాయి. ఆల్రెడీ సూట్ చేతిలో ఉన్నవాళ్లు ఈ మూడు నెలల్లో రేటు తరచూ చూసుకోవాలి. ఏమీ బుక్ చేయనివాళ్లు జనవరి కోసమని అంతకుముందు జూన్ నుంచి ఆగడం వల్ల ఒరిగేది తక్కువ.

ఫైనల్ పేమెంట్ చుట్టూ ఉండే ఆ కొద్ది రోజులు

రాయల్ కరీబియన్‌లో 5 రాత్రులు, అంతకు మించిన ప్రయాణాలకి 90 రోజుల ముందు, చిన్నవాటికి 75 రోజుల ముందు మొత్తం కట్టాలి. నార్వేజియన్‌లో చాలావరకు ప్రయాణాలకి 120 రోజుల ముందు. విలాసవంతమైన ఓడల్లో ఇంకా ముందు కూడా ఉండొచ్చు. వెనక్కి వచ్చే డిపాజిట్‌తో రెండు మూడు సూట్లు పట్టి ఉంచినవాళ్లు సరిగ్గా అప్పుడే అక్కర్లేనివి వదిలేస్తారు. అప్పటిదాకా "అమ్ముడుపోయాయి" అని చూపించిన సూట్ ఒక్కసారిగా మళ్లీ కనిపించవచ్చు. ఏజెన్సీలు పట్టి ఉంచిన గ్రూప్ గదులు అంతకంటే ముందే కంపెనీకి తిరిగి వెళ్తాయి.

కాబట్టి మీరు కోరుకున్న సూట్ ఇప్పటికే అయిపోయిందంటే ఆశ వదులుకోకండి. అదే ఓడలో బాల్కనీ ఒకటి పట్టుకుని, గడువుకి వారం ముందు నుంచి గడువు దాటిన రెండు మూడు రోజుల దాకా రోజూ చూడండి. ఆగడానికి నిజంగా అర్థం ఉన్న సమయం ఇదొక్కటే అని నా అభిప్రాయం. దీని తర్వాత క్యాన్సిల్ చేస్తే కోత మొదలై, బయల్దేరే తేదీ దగ్గరపడేకొద్దీ మొత్తం డబ్బూ పోయే దాకా వెళ్తుంది. మీరు డబ్బు కట్టేశాక రేటు తగ్గితే తేడా తిరిగి ఇవ్వాలన్న బాధ్యత సాధారణంగా కంపెనీకి లేదు. మర్యాదగా అడిగితే కొన్నిసార్లు పై గదికి మారుస్తారు, లేదా కొంత క్రెడిట్ ఇస్తారు.

అసలేమీ బుక్ చేయకుండా ఆఖరి నెల దాకా ఆగడం ఎవరికి? ఓడ ఎక్కే రేవు దగ్గరే ఉండి, ఏ తేదీకైనా సిద్ధంగా ఉండి, ఏ ఓడైనా సరే అనేవాళ్లకి. విమాన టికెట్, వీసా, స్కూలు సెలవులు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సూట్‌లో మిగిలినది విమానంలో పోతుంది. అయితే ఓడలు ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి మారే ప్రయాణాలు ఇందుకు మినహాయింపు. వసంతంలో కరీబియన్ నుంచి యూరప్‌కి, శరదృతువులో వెనక్కి అట్లాంటిక్ దాటే ఓడల్లో రేవులు తక్కువ, సముద్రం మీద రోజులు ఎక్కువ. రాత్రికి ఇంత అని చూస్తే సూట్ తక్కువలో దొరికేది తరచుగా వీటిలోనే. పైగా రోజంతా ఓడలోనే ఉంటారు కాబట్టి సూట్‌కి కట్టిన డబ్బు పూర్తిగా అనుభవిస్తారు. సూట్ ఎలా ఉంటుందో ఒకసారి చూడాలన్న కోరిక మాత్రమే ఉంటే నేను ముందు వీటినే వెతుకుతాను.

దీనికి పూర్తిగా ఎదురు చివర ఉన్నవి ఆగకూడని ప్రయాణాలు. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారాలు. కొత్త ఓడ మొదటి ఏడాది. 2027 ఆగస్టు 2న స్పెయిన్ దక్షిణం, ఉత్తర ఆఫ్రికా మీదుగా వెళ్లే సంపూర్ణ సూర్యగ్రహణం లాంటి సందర్భాల కోసం వేసిన ప్రయాణాలు. అలాస్కాలో గ్లేసియర్ బే (హిమానీనదాలుండే అఖాతం) చూపించేవి కూడా ఈ జాబితాలోకే వస్తాయి, ఎందుకంటే అక్కడికి రోజుకి రెండు క్రూజ్ ఓడల్ని మాత్రమే అనుమతిస్తారు. అలాస్కా సూట్ కావాలి కానీ రేటు భరించలేమంటే సంవత్సరం ఆగడం కంటే జూలై నుంచి మే నెలకో సెప్టెంబరుకో మారడం మంచి ఉపాయం. అలాగే సరికొత్త ఓడ బదులు కాస్త పాతదాన్ని చూడండి. ఐకాన్ ఆఫ్ ద సీస్ 2024లో వచ్చింది, ఒయాసిస్ ఆఫ్ ద సీస్ 2009 నాటిది. స్టార్ క్లాస్ రెండింటిలోనూ ఉంది.

బిడ్ వేయడం

బాల్కనీ బుక్ చేసి సూట్‌కి బిడ్ వేయడం ఆకర్షణీయంగా ఉంటుంది, ఒక్కోసారి నిజంగానే చాలా చవకగా పడుతుంది. కానీ ఇది ప్లాన్ కాదు, లాటరీ టికెట్. సూట్ రాకపోయినా ఆ బాల్కనీలోనే సంతోషంగా వెళ్లగలిగితేనే దీని మీద ఆధారపడండి.

తెలియక దెబ్బతినే చోట్లు కొన్ని ఉన్నాయి. స్క్రీన్ మీద కనిపించే బిడ్ ఒక మనిషికి. 800 వేస్తే ఇద్దరికీ కలిపి 1,600 కార్డులో పడుతుంది. అదీ మీరు ఇప్పటికే కట్టినదానికి అదనం. ఒంటరిగా వెళ్తున్నా చాలాచోట్ల ఇద్దరి లెక్కే. ఓకే అయిందంటే వెనక్కి తీసుకోలేరు, ఏ గది వస్తుందో ఎంచుకోలేరు. మీరు ఏరికోరి తీసుకున్న నిశ్శబ్దమైన బాల్కనీ పోయి, స్విమ్మింగ్ పూల్ కింద ఉన్న సూట్ రావచ్చు. కంపెనీ తన పాత కస్టమర్లకి ఇచ్చే పాయింట్లు లెక్కపెట్టేవాళ్లకి ఇంకో సంగతి: రాయల్ కరీబియన్‌లో సూట్ కొన్నవాళ్లకి రెట్టింపు పాయింట్లు వస్తాయి, బిడ్‌తో ఎక్కినవాళ్లకి మాత్రం మొదట కొన్న గది ప్రకారమే. బిడ్ వేసే ముందు, ఆ సూట్ ఇవాళ నేరుగా ఎంతకి అమ్ముతున్నారో తప్పకుండా చూడండి. కట్టినది, బిడ్డు కలిపితే నేరుగా కొనే రేటుకి దగ్గరగా వచ్చిందంటే బిడ్ ఎందుకు?

నలుగురున్న కుటుంబానికి మాత్రం ఇందులో ఒక వెసులుబాటు ఉంది. చాలా కంపెనీల్లో బిడ్ మొదటి ఇద్దరికే వసూలు చేస్తారు. మిగతా ఇద్దరూ అదనంగా ఏమీ కట్టకుండా సూట్‌లోకి వస్తారు. అయితే నలుగురు పట్టే సూట్లు తక్కువ కాబట్టి ఓకే అయ్యే అవకాశం కూడా తక్కువే.

గది నంబరు చెప్పకుండా అమ్మే గ్యారంటీ సూట్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. రేటు కొంత తక్కువ, కనీసం ఆ రకం సూట్ ఖాయం, ఎక్కడ ఇస్తారో వాళ్ల ఇష్టం. చప్పుడుకి నిద్రపట్టనివాళ్లు, ఓడ కదలికకి కడుపులో తిప్పేవాళ్లు దూరంగా ఉండటం మంచిది.

సూట్ బదులు ఏం చేయవచ్చు

కుటుంబంతో వెళ్లేవాళ్లు సూట్ వెతికేది చాలాసార్లు రెండో బాత్‌రూమ్ కోసం, పిల్లలు పడుకున్నాక కూర్చోవడానికి చోటు కోసం. దానికి మధ్యలో తలుపున్న రెండు గదులు తీసుకుంటే పెద్ద సూట్ కంటే బాగా తక్కువలో పని జరుగుతుంది. ఇలాంటి జంట గదులు ఓడలో పరిమితంగానే ఉంటాయి, ఇవి కూడా తొందరగా అయిపోతాయి. సెలెబ్రిటీ ఓడల్లో ఆక్వాక్లాస్ అనే మధ్యస్థం ఉంది. అది బాల్కనీ గదే, కానీ బ్లూ అనే విడి రెస్టారెంట్ దాంతో వస్తుంది. ప్రశాంతంగా భోజనం చేయడమే మీకు ముఖ్యమైతే సూట్ దాకా వెళ్లక్కర్లేదు.

ఇక పెద్ద ఓడలో సూట్ రేటు కొండెక్కినప్పుడు తప్పకుండా పక్కన పెట్టి చూడాల్సినవి, అన్నీ సూట్లే ఉండే చిన్న ఓడలు. రీజెంట్ సెవెన్ సీస్, సిల్వర్‌సీ, సీబోర్న్, 2023లో మొదలైన ఎక్స్‌ప్లోరా జర్నీస్ ఆ కోవలోవి. డ్రింక్స్, టిప్పులు అక్కడ సాధారణంగా రేటులోనే ఉంటాయి. రీజెంట్‌లో రేవుల్లో చూసే టూర్లు కూడా చాలావరకు కలిసే వస్తాయి. సిల్వర్‌సీలో ప్రతి సూట్‌కీ బట్లర్ ఉంటాడు. పైన చేసిన లెక్కే ఇక్కడా వేస్తే, పెద్ద ఓడలోని ఖరీదైన సూట్‌కీ చిన్న ఓడలోని మొదటి మెట్టు సూట్‌కీ రాత్రికి తేడా పెద్దగా మిగలని సందర్భాలు కనిపిస్తాయి. ఇక్కడ కూడా ముందు అయిపోయేవి పై మెట్టు సూట్లే. మొదటి మెట్టువాటికి మాత్రం ఆఫర్లు వస్తుంటాయి కాబట్టి, పెద్ద ఓడలతో పోలిస్తే ఆగడానికి కాస్త ఎక్కువ చోటుంది. ఒంటరిగా వెళ్లేవాళ్లు కూడా ఇక్కడ ఒకసారి చూడాలి. పెద్ద ఓడల్లో సూట్‌కి దాదాపు ఇద్దరి రేటూ కట్టాల్సి వస్తే, ఈ కంపెనీలు కొన్ని ప్రయాణాలకి ఒంటరివాళ్ల అదనపు వసూలు తగ్గిస్తాయి.

పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇది నప్పదు. నీటి జారుడుబండలు, పిల్లల క్లబ్బులు, రాత్రి షోలు కావాలంటే పెద్ద ఓడే. జంటగా వెళ్తూ, రోజులో ఎక్కువ భాగం విడి డెక్ మీదా విడి రెస్టారెంటులోనే గడపాలనుకుంటూ, ఓడలో మిగతా వేలమందికి దూరంగా ఉండటానికే రాత్రికి వందల డాలర్లు అదనంగా కట్టబోతున్నారంటే, ఆ బుకింగ్ ఖాయం చేసే ముందు అదే వారంలో అదే ప్రాంతానికి వెళ్లే ఒక చిన్న ఓడ రేటు కూడా తెప్పించుకోండి.